తలుపు అడుగున తుప్పు, మడ్‌గార్డు మీద సొట్ట: ఒక పాత కారు బాడీ మరమ్మతు డైరీ

1వ రోజు

ఈ కారుకు 30 ఏళ్లు దాటాయి. ఇంజను ఇప్పటికీ మాట వింటోంది గాని, బాడీ మాత్రం రెండేళ్లుగా చెప్పకుండానే చెడిపోతూ వచ్చింది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద, చక్రానికి కొంచెం పైన, అరచేతికంటే పెద్ద సొట్ట ఉంది. గేటు స్తంభానికి తగిలించింది నేనే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. అదే వైపు ముందు తలుపు అడుగు అంచు వెంట రంగు పొక్కులుగా లేచి ఉంది. ఈ రెండూ ఇంటి దగ్గరే చేసుకోగల పనులని అనుకుని మొదలుపెట్టాను.

పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని పట్టుకుని బాడీ అంతా తిరిగాను. రేకు ఉన్న చోట అది గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్న చోట జారి పడిపోతుంది. తలుపు అడుగున ఒక జానెడు మేర అది అసలు నిలవలేదు. స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూస్తే మిగతా చోట్ల ఖంగుమన్న రేకు అక్కడ మాత్రం చెక్కలా మొద్దుగా పలికింది. పొక్కును మొనతో గిల్లగానే పుట్టీ పెచ్చు ఊడి వచ్చింది. దాని మందం 8 మిల్లీమీటర్లు ఉంది, వెనక సన్నని వైరు జాలీ కనిపించింది, జాలీ వెనక రేకే లేదు. మునుపెప్పుడో ఎవరో చిల్లును కప్పారే తప్ప పూడ్చలేదన్నమాట.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి కింద దొరికింది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా సాగే భాగాన్ని సిల్లు అంటారు. అందులో జాకీ పెట్టే చోటుకు దగ్గరగా స్క్రూడ్రైవరు మొన లోపలికి దిగబడింది. మడ్‌గార్డు బోల్టులతో బిగించిన భాగం, దాన్ని పూర్తిగా తీసేసినా కారు రూపమే పోతుంది గాని బలం పోదు. తలుపు కూడా విప్పి బయట పెట్టుకోగల వస్తువే. సిల్లు అలా కాదు. కారు బరువునూ, పక్కనుంచి తగిలే దెబ్బనూ మోసే ఎముక అది. పైగా దాని పక్కనుంచే బ్రేకు పైపూ ఇంధనపు పైపూ వెళుతున్నాయి. కాబట్టి ఆ ముక్కను అనుభవం ఉన్న వర్క్‌షాపుకు అప్పగించాలనీ, కారు నుంచి విడదీసి దూరంగా పెట్టగలిగిన భాగాలకు మాత్రమే ఇంట్లో వెల్డింగ్ చేయాలనీ ఈ రోజే నిర్ణయించుకున్నాను. ఈ డైరీ మొత్తంలో నేను చేసిన తెలివైన పని బహుశా ఇదొక్కటే.

6వ రోజు

సిల్లు పని ముగించుకుని కారు తిరిగి వచ్చింది. నా వంతు మొదలైంది.

ముందుగా బ్యాటరీ తీగలు విప్పాను. నెగటివ్ తీగనే ముందు విప్పాలి, ఎందుకంటే బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ నట్టు ముందు విప్పబోతే పానా చివర బాడీకి తగిలి మెరుపు మెరుస్తుంది, ఆ సమయంలో బ్యాటరీ నుంచి వెలువడిన హైడ్రోజన్ అక్కడ ఉంటే అంతకంటే పెద్ద ప్రమాదమే జరుగుతుంది. తరువాత వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, కాంక్రీటు నేల మీద రెండు స్టాండ్ల మీద నిలబెట్టాను. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. లోపలి సీలు ఒక్కటి జారితే చాలు, ఏ హెచ్చరికా లేకుండా బండి కిందికి దిగిపోతుంది. స్టాండ్ల మీద నిలిపాక బండిని చేతులతో గట్టిగా ఊపి చూసి, అప్పుడే దగ్గర కూర్చున్నాను.

మడ్‌గార్డుకు తొమ్మిది బోల్టులు ఉన్నాయి. నిన్న రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచడం వల్ల ఎనిమిది కదిలాయి, తొమ్మిదోది తెగింది.

7వ రోజు

పాత రంగు తీయడానికి రోజంతా పట్టింది. పాత కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, రంగు మీద రుద్ది చూసే పరీక్ష పుల్లతో ముందు చూశాను. పుల్ల రంగు మారలేదు. అయినా పొడిగా గీకి దుమ్ము లేపడం మంచిది కాదనిపించి, నీటితో తడుపుతూ 80 నంబరు వాటర్ పేపరుతో రుద్దాను. తడిపినప్పుడు వచ్చే ముద్దను గుడ్డతో తుడిచి సంచిలో వేశాను, నేల మీదికి కడిగి వదలలేదు.

తుప్పు లోతుగా ఉన్న చోట మాత్రం గ్రైండరుకు వైరు బ్రష్ బిగించక తప్పలేదు. 115 మిల్లీమీటర్ల చిన్న గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో బ్రష్ నుంచి ఊడిన తీగ ముక్క సూదిలా దూసుకొస్తుంది. సాయంత్రం చొక్కా విప్పితే అలాంటి తీగలు మూడు, ఛాతీ దగ్గర బట్టలో నిలువుగా గుచ్చుకుని కనిపించాయి. కళ్లద్దాలు మాత్రమే పెట్టుకుని ఉంటే ఆ మూడింటిలో ఏదో ఒకటి చెంపలో దిగి ఉండేది. అద్దాల మీద ముఖమంతా కప్పే తొడుగు కూడా ఉండబట్టి సరిపోయింది. గ్రైండరు గార్డును తీసేసి పనిచేసేవాళ్లను చాలామందినే చూశాను గాని, దానివల్ల ఆదా అయ్యే సమయమెంతో నాకెప్పుడూ అర్థం కాలేదు.

9వ రోజు

సొట్ట తీయడం ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం.

సొట్టను చూడగానే ఎవరికైనా వెనకనుంచి మధ్యలో ఒక్క పోటు పొడవాలనే తోస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే చేసి ఒక తలుపును పాడుచేశాను. రేకుకు దెబ్బ తగిలినప్పుడు మధ్య భాగం లోపలికి పోతుంది, దాని చుట్టూ గట్టులాంటి మడత లేస్తుంది. వంగిన ఆ మడత దగ్గర ఉక్కు గట్టిపడుతుంది. నిజానికి సొట్టను పట్టి ఉంచేది మధ్య భాగం కాదు, ఈ గట్టే. అందుచేత దెబ్బ పడిన క్రమానికి ఎదురు క్రమంలో వెళ్లాలి: చివర ఏర్పడిన గట్టును ముందు దించి, మొదట లోపలికి పోయిన మధ్య భాగాన్ని చివరకు లేపాలి.

ఎడమ చేత్తో డాలీని, అంటే రేకు వెనక ఆనించే నున్నటి ఇనుప దిమ్మెను, పల్లం కింద నొక్కి పట్టుకున్నాను. కుడి చేతిలో సుత్తితో డాలీ మీద కాకుండా, దాని పక్కనే ఉన్న గట్టు మీద చిన్న చిన్న దెబ్బలు వేశాను. గట్టు దిగినకొద్దీ డాలీ ఒత్తిడికి పల్లం దానంతట అదే పైకి వచ్చింది. దెబ్బ సరిగ్గా పడినప్పుడు వచ్చే మోత వేరుగా ఉంటుంది, ఓ గంట గడిచేసరికి చెవి దాన్ని పట్టేస్తుంది. అరచేతికీ రేకుకూ మధ్య పలచని గుడ్డ పెట్టుకుని నిమిరితే, కంటికి కనిపించని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

చివర్లో అత్యాశకు పోయి సుత్తికీ డాలీకీ మధ్య రేకును పెట్టి ఒకే చోట పది పదిహేను దెబ్బలు వేశాను. 0.8 మిల్లీమీటర్ల మందమున్న రేకు అలా రెండు ఇనుముల మధ్య నలిగితే పలచబడి సాగుతుంది. సాగిన రేకుకు చోటు చాలదు కాబట్టి వేలితో నొక్కితే లోపలికీ, వదిలితే బయటికీ టిక్కుమంటూ దూకుతుంది. రూపాయి బిళ్లంత చోటును ఎర్రగా కాల్చి, వెంటనే తడి గుడ్డతో చల్లార్చి, మళ్లీ కాల్చి, అలా నాలుగుసార్లు చేస్తే ఆ టిక్కు పోయింది. మిగిలిన పల్లం 2 మిల్లీమీటర్లకు మించి లేదు. అది పుట్టీకి వదిలేయదగినదే.

11వ రోజు

తలుపును తీయడానికి తమ్ముడు వచ్చాడు. కీలు రెక్కల చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఉంచుకున్నాం. ఆ గీత లేకుండా విప్పితే తిరిగి బిగించేటప్పుడు తలుపును సరైన చోట కూర్చోబెట్టడం పెద్ద తలనొప్పి. లోపలి అట్ట, అద్దం, అద్దం దించే యంత్రం అన్నీ తీశాక తలుపు అడుగుకు టార్చి వేసి చూశాను.

ఏ తలుపులోకైనా నీళ్లు వెళ్లక మానవు. అద్దం పక్కనుండే రబ్బరు చాలా నీటిని ఆపుతుంది గాని మొత్తం ఆపదు. మిగిలిన నీరు తలుపు లోపలి గోడ వెంట జారి, అడుగునున్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఈ తలుపుకు మూడు రంధ్రాలు ఉన్నాయి. ఒకటి బురదతో మూసుకుపోయింది. మిగతా రెండింటిని, పాత మరమ్మతు చేసినవాళ్లు, తుప్పు పట్టకుండా అని అడుగంతా పూసిన నల్లటి తారు పూతతోనే మూసేశారు. తుప్పును ఆపాలని వేసిన పూతే నీటిని లోపల నిలబెట్టి, రేకును లోపలినుంచి తినేలా చేసింది. ఇది తెలియకుండా చిల్లు ఒక్కటే పూడ్చి ఉంటే మరో మూడు నాలుగేళ్లలో ఇదే పని మళ్లీ చేయాల్సి వచ్చేది.

రేకు కత్తెరతో పుచ్చిన భాగాన్ని కోసేశాను. మెరిసే గట్టి రేకు కనిపించే దాకా కోయాలి, ఇంకొంచెం మిగిలితే బాగుండునన్న జాలి ఇక్కడ పనికిరాదు. చివరికి 230 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల ఎత్తు మేర ఖాళీ మిగిలింది. అట్ట ముక్కతో ముందు నమూనా చేసుకుని, దాని ప్రకారం కొత్త రేకును కోసి, మూలలను గుండ్రంగా చేసి, అంచు మడతను వైసులో వంచాను.

12వ రోజు

వెల్డింగ్ రోజు. తలుపును కారుకు దూరంగా, ఇంటి వెనక ఖాళీ చోట ఇనుప బల్ల మీద పెట్టాను. చుట్టూ మూడు మీటర్ల మేర గుడ్డలు, థిన్నరు డబ్బాలు, స్ప్రేలు ఏవీ లేకుండా చూసుకున్నాను. మంటలార్పే సిలిండరు, నీళ్ల బకెట్టు, నీళ్లు నింపిన స్ప్రే సీసా చేతికందేలా పెట్టుకున్నాను. తోలు చేతి తొడుగులు, నూలు చొక్కా, 10వ నంబరు చీకటి అద్దమున్న హెల్మెట్ వేసుకున్నాను.

అతుకు వేసే అంచులను వెల్డింగ్‌కు ముందు ఏ స్ప్రేతోనూ తుడవలేదు, ఉత్త అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను. బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేలలో కొన్నిటిలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి, వాటి ఆవిరి వెల్డింగ్ వెలుగుకూ వేడికీ గురైతే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అలాగే జింకు పూత ఉన్న రేకు అయితే ఆ పూతను అంచుల దగ్గర గీకి తీసేయాలి. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. అంటే ఉక్కు కరగకముందే జింకు పొగగా మారి ముక్కులోకి వెళుతుంది, ఆ రాత్రికి చలిజ్వరం తెస్తుంది. పాలు తాగితే విరిగిపోతుందని వెల్డర్లు అంటుంటారు గాని, ఆ పొగ పీల్చకుండా ఉండటమే అసలు మందు.

యంత్రంలో 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్‌లో కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు. పలచని రేకు మీద గీతలా వెల్డింగ్ లాగకూడదు. 25 మిల్లీమీటర్లకు ఒక చుక్క చొప్పున వేసి, ఒక చుక్క ఈ చివర, తరువాతి చుక్క ఆ చివర, ఆపైన మధ్యలో, ఇలా దూకుతూ పోవాలి. ప్రతి రెండు మూడు చుక్కలకూ ఆగి, రేకు మీద చెయ్యి ఆన్చగలిగేంత చల్లారాకనే మళ్లీ మొదలుపెట్టాలి.

సగం పనయ్యాక తమ్ముడు, "అన్నయ్యా, ఒక్క నిమిషం ఆపు, ఏదో కాలుతున్న వాసన వస్తోంది," అన్నాడు. హెల్మెట్ లోపల నాకు ఏ వాసనా తెలియలేదు. తలుపును తిప్పి చూస్తే, అతుకుకు ఒక జానెడు పైన, లోపలివైపు మోత తగ్గడానికి అంటించిన తారు అట్ట అంచు ఎర్రటి గీతలా రాజుకుంటూ, సన్నగా పసుపు పొగ వదులుతోంది. నిప్పురవ్వ అక్కడ పడలేదు. రేకులో పాకిన వేడే దాన్ని అంటించింది. స్ప్రే సీసాతో తడిపి, ఆ అట్ట మొత్తాన్ని గీకి తీసేశాను. లోపలి అట్టా, అద్దం, యంత్రం తీశానని తృప్తిపడ్డానే గాని, రేకుకు అంటుకుని రంగులో కలిసిపోయిన దాన్ని ఖాళీ రేకుగానే లెక్కపెట్టాను. తలుపు కారుకే బిగించి ఉండి, నేను ఒంటరిగా ఉండి ఉంటే దాని వెనక సీటు నురుగు ఉండేది. పని ముగిశాక మరో గంటసేపు ఇద్దరం అక్కడే కూర్చున్నాం, పది నిమిషాలకోసారి చెయ్యి పెట్టి చూస్తూ.

13వ రోజు

చుక్కలను గ్రైండరుతో సమం చేశాను. నిన్న చివర్లో చీకటి పడుతోందని తొందరపడి ఆపకుండా నాలుగు చుక్కలు వరసగా వేసిన చోట, సరిగ్గా అక్కడే, రేకు లోపలికి గుంజుకుపోయింది. డాలీతో గంటన్నర పట్టింది సరిచేయడానికి. నిన్న ఆగకుండా మిగుల్చుకున్న సమయం ఐదు నిమిషాలు.

14వ రోజు

గట్టి రేకు మీద, పుట్టీకి ముందు వేసే అడుగు పూత అయిన ఎపాక్సీ ప్రైమరును కుంచెతోనే పూశాను. స్ప్రే చేస్తే తుంపర గాలిలోకి లేస్తుంది, కుంచెతో ఆ బాధ తక్కువ. గీతలు పడినా ఎలాగూ పుట్టీ కింద పోతాయి. ఆమ్లంతో రేకును కొరికే ప్రైమరును మాత్రం పుట్టీ కింద వాడకూడదు, అందులోని ఆమ్లం పుట్టీని సరిగా గట్టిపడనివ్వదు.

16వ రోజు

పాలియెస్టరు పుట్టీకి గట్టిపరిచే ముద్దను బరువులో సుమారు 2 శాతం కలపాలి, అంటే 100 గ్రాములకు 2 గ్రాములు. ఎప్పటిలాగే కంటి అంచనాతో కలిపాను. మొదటి పూత సగం దూరం వెళ్లేలోపే పలక మీది పుట్టీ జున్నుముక్కలా విరగడం మొదలుపెట్టింది. మిగిలిన ముద్దను డబ్బా మూతలో పడేస్తే అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, కాబట్టి దాన్ని చెత్త కాగితాల మీద పారేయకుండా నేల మీదే చల్లారనిచ్చాను. ముద్ద ఎక్కువ వేస్తే గట్టిదనం పెరగదు. పైగా అందులోని పెరాక్సైడు మిగిలిపోయి, కొన్నాళ్లకు పై రంగులోంచి మరకగా బయటపడుతుంది. వేసిందంతా గీకేసి, ఈసారి చిన్న తూకం తెచ్చి 50 గ్రాముల చొప్పున కలిపాను.

పుట్టీ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి. అందుకే ఈ దశలో దుమ్ము తప్పదు. ఎన్95 మాస్కు ఈ దుమ్మును ఆపుతుంది గాని, పుట్టీ కలిపేటప్పుడు వచ్చే స్టైరిన్ ఆవిరిని ఆపలేదు. కలిపేటప్పుడు ఆవిరిని పట్టే డబ్బాలున్న మాస్కు, రుద్దేటప్పుడు ఎన్95, ఇలా రెండూ వాడాను. పొడవాటి చెక్కకు 80 నంబరు కాగితం చుట్టి ఏటవాలుగా రుద్ది, తరువాత 180కి మారాను. మధ్యమధ్యలో నల్ల రంగును పొగలా పలచగా చల్లి రుద్దితే, పల్లాల్లో నలుపు మిగిలిపోయి ఇంకా ఎక్కడ నింపాలో చెబుతుంది. మూడు పూతలకు నలుపు మిగలకుండా పోయింది.

20వ రోజు

పై రంగు నేను వేయలేదు. రెండు భాగాలు కలిపి వేసే పాలియూరిథేన్ రంగుల హార్డెనరులో, అంటే రంగును గట్టిపరిచే భాగంలో, ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటికి ఒకసారి శరీరం ఎదురుతిరిగితే, తరువాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం వస్తుంది. మాస్కు డబ్బా అరిగిపోయిందని చెప్పడానికి వాసన కూడా ఆధారం కాదు. బయటినుంచి శుద్ధమైన గాలి అందే తొడుగు, గాలిని లాగేసే గది ఉన్నవాళ్లే ఆ పని చేయాలి. విడిగా ఉన్న మడ్‌గార్డునూ తలుపునూ 320 నంబరు దాకా రుద్ది, మోసుకెళ్లి అలాంటి గది ఉన్న పెయింటరుకు ఇచ్చాను. కారు మొత్తం తీసుకెళ్లాల్సిన పనిలేకపోవడం ఈ పద్ధతిలో మరో సుఖం.

థిన్నరు గుడ్డలను ఉండలుగా కుప్పవేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేశాను.

27వ రోజు

రంగు పూర్తయి భాగాలు ఇంటికి వచ్చాయి. పక్క తలుపుతో పోలిస్తే రంగు ఒక ఛాయ ముదురుగా ఉంది, ముప్పై ఏళ్ల ఎండకు వెలిసిన రంగుతో కొత్త రంగు కలవాలని కోరుకోవడం అన్యాయమే. తలుపు లోపల అడుగు మడతల్లోకి, అతుకు వెనక భాగం మీదికి పొడవాటి గొట్టంతో మైనం పూత చిమ్మి, అది గట్టిపడకముందే మూడు రంధ్రాల్లోనూ తీగ దూర్చి తిప్పాను. పెన్సిలు గీతల మీద కీళ్లను కూర్చోబెట్టి, తమ్ముడు తలుపును మోస్తుండగా బోల్టులు బిగించాను. బ్యాటరీకి ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

లోపలి అట్ట ఇంకా బిగించలేదు. అద్దం పైకెత్తి, చెంబుతో నీళ్లు రబ్బరు వెంట మెల్లగా పోశాను. పది సెకన్లు ఏమీ కాలేదు. తరువాత మధ్య రంధ్రం నుంచి ఒక చుక్క, ఆ వెంటనే మూడింటి నుంచీ సన్నని ధారలు నేల మీద పడ్డాయి. అట్ట రేపు బిగిస్తాను.